మురుగునీటిలో పోలియో జాడ

పోలియో సోకిన పిల్లల్లో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. వైరస్ మాత్రం మలంలో బయటికొస్తుంది. అందుకే 15 ఏళ్లలోపు పిల్లల్లో హఠాత్తుగా కాళ్లూచేతులూ చచ్చుబడిన కేసులతో పాటు మురుగునీటినీ పరీక్షిస్తారు. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 వైరస్ దొరికింది. ఒక్క బిడ్డకూ పక్షవాతం రాలేదు; అయినా సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. దేశానికున్న పోలియో రహిత హోదా పోలేదు, అది సహజ వైరస్‌కు సంబంధించింది.

1988లో ప్రపంచ పోలియో నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు ఏటా 3.5 లక్షల కేసులు. సహజ టైప్-2 నిర్మూలనను 2015లో, టైప్-3ను 2019లో ప్రకటించారు. మొండిగా మిగిలింది టైప్-1, పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లలో. భారత్‌లో చివరి సహజ వైరస్ కేసు: 2011 జనవరి, హౌరా. పోలియో రహిత ధ్రువీకరణ: 2014 మార్చి 27.