నాన్నా, ఇదేమిటి?



చలికాలంలో మొదటి మంచు కురిసిన ఉదయం మన పిల్లలు కిటికీ దగ్గరనుండి కదలరు. మనకు మాత్రం అది కారు అద్దం మీద గీకవలసిన పని. మంచు ఒక్కటే, చూసే కళ్లు వేరు. చిన్ననాటి ఆ ఆశ్చర్యాన్ని మనం తిరిగి పొందగలమా? వాక్యపు వెలుగులో ధ్యానిద్దాం.

1. పిల్లల ప్రశ్న దేవుని ఏర్పాటు

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది మధ్యనుండి 12 రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టారు (యెహోషువ 4:20-24). ఎందుకు? ముందుతరాల పిల్లలు వాటిని చూసి, ఇవి ఏమిటని అడగాలని. పస్కా విషయంలోనూ ఇంతే (నిర్గమకాండము 12:26). జవాబు చెప్పే తండ్రి తాను ఆరిన నేలమీద నడిచిన ఆ దినాన్ని మళ్లీ తలచుకోవాలి. బిడ్డ అడిగిన ప్రశ్న తండ్రి హృదయాన్ని కూడా లేపుతుంది.

2. ఆ ప్రశ్నను ఆపవద్దు

చిన్నబిడ్డలను తెచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు ప్రభువు కోపపడ్డాడు, బిడ్డలను ఎత్తి కౌగిలించుకున్నాడు (మార్కు 10:13-16). పిల్లల భవిష్యత్తు కోసమే మనం దేశం దాటి వచ్చాం. కాని "మీటింగులో ఉన్నాను, తర్వాత" అనే మాటే వాళ్లు ఎక్కువగా వింటున్నారేమో! పదిసార్లు జవాబు దొరకని బిడ్డ పదకొండోసారి అడగడు.

3. పసితనం వేరు, పిల్లచేష్టలు వేరు

ఎవరు గొప్పవారని అడిగిన శిష్యులకు ప్రభువు ఒక బిడ్డను చూపి, తగ్గించుకోవడం నేర్పాడు (మత్తయి 18:1-4). చెడు విషయంలో శిశువుల్లా ఉన్నా, బుద్ధిలో ఎదగాలని పౌలు హెచ్చరించాడు (1 కొరింథీయులకు 14:20). "నాకూ తెలియదమ్మా, రా, కలిసి చూద్దాం" అని బిడ్డతో చెప్పగలగడం కూడా తగ్గింపే.

ఈ వారం చేయవలసినది

ప్రతి ఇంట్లో ఒక గిల్గాలు రాయి ఉంటుంది. అమ్మమ్మ గీతలు గీసుకున్న పాత తెలుగు బైబిలు కావచ్చు, ఈ దేశానికి తెచ్చుకున్న మొదటి పెట్టె కావచ్చు. దాన్ని పిల్లలకు కనబడే చోట పెట్టండి. "ఇదేమిటి?" అని అడిగినప్పుడు ఫోను పక్కనపెట్టి, దేవుడు మీ కుటుంబాన్ని ఇంతదూరం ఎలా నడిపించాడో చెప్పండి. చెబుతూ చెబుతూ మీరే ఆశ్చర్యపడతారు.

ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.