పుట్టినిల్లు నది, మెట్టినిల్లు చెరువు : రోహు చేప

స్టేషన్ ఘన్‌పూర్ అంగడిలో అమ్ముడగు చేపలలో రోహునకు మంచి ఆదరణ కలదు. మన ప్రాంతమున దీనిని రవ్వ యనియు, కోస్తా జిల్లాలలో శీలావతి యనియు పిలుతురు. సంస్కృతమున 'రోహిత' మనగా ఎర్రనిది. ఆ శబ్దమే మారి ఉర్దూలో 'రోహూ' అయినది. మేము భాషను బోధించువారమే గాని జీవశాస్త్రజ్ఞులము కాము. అయినను ఉర్దూ విద్యార్థులకును తెలుగు విద్యార్థులకును ఉమ్మడియైన ఈ మాట వెంట పోగా, తెలిసికొనదగిన సంగతి యొకటి మాకు కనబడినది.

రోహు కార్పు కుటుంబమునకు చెందిన మంచినీటి చేప. దీని మూలస్థానము ఉత్తరదేశపు నదులు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చి ప్రకటించిన గ్రంథమున దీనిని శాస్త్రరీతిగా వర్ణించెను. దీని దవడలకు పండ్లు లేవు. గొంతులోని పండ్లతో ఆహారమును నలుపుకొనును. చెరువులో బొచ్చె పైనీటిలోను, రోహు నడిమినీటిలోను, మృగాల అడుగునను మేయును. ఒకే ఇంట మూడు అంతస్తులలో కాపురముండు కుటుంబములవలె ఇవి యొకదాని కూటికి మరియొకటి అంతగా అడ్డురావు. అందుచేతనే ఈ మూడింటిని కలిపి పెంచుదురు. మేత చక్కగా లభించినచో రోహు ఏడాదిలో ముప్పావు కిలో వరకు తూగును.

ఇంత ఏపుగా పెరుగు చేప చెరువులో సంతానము కనదు! నైరుతి ఋతుపవనముల కాలమున నది పొంగి, గట్లు దాటి పల్లములపై పారునపుడు మాత్రమే ఇది గ్రుడ్లు పెట్టును. నిలువనీటిలో ఆడుచేప కడుపున గ్రుడ్లు నిండినను, వాటిని విడుచుటకు కావలసిన ప్రేరణ మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి నుండి కలుగదు.

పూర్వము వరదనీటిలో వలలు పన్ని చేపపిల్లలను పట్టెడివారు. వానిలో పనికిరాని జాతులును కలిసియుండెడివి. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె. హెచ్. అలికున్హి అను శాస్త్రజ్ఞులు పీయూష గ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి, కార్పు చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. నేడు మన చెరువులకు వచ్చు రోహు పిల్లలు ఆ విద్య ఫలమే. అందుకే జూలై 10ని దేశమున జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపుకొనుచున్నారు.

తెలంగాణ ప్రభుత్వము 2016లో చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలు పథకమును ఆరంభించినది. మరి దేవాదుల ఎత్తిపోతల పథకముచే గోదావరి జలము మన ఘన్‌పూర్ జలాశయమునకు చేరుచున్నది గదా, ఇక పిల్లలను వదలుట ఎందుకని కొందరు అడుగవచ్చును. నీరు గోదావరిదే యైనను, కట్టవెనుక చేరిన పిమ్మట అది నిలువనీరే. పిల్లలను వదలనిచో రోహు సంతతి ఆ తరముతోనే అంతరించును.

పరకల సంగతి వేరు. అవియు కార్పు కుటుంబమునకు చెందినవే. చిన్నవైనను ఈ నేలవి. తొలకరి వానకు ఎదురెక్కి, గట్టువార గడ్డిలోను వరిమళ్లలోను గ్రుడ్లు పెట్టును. ఎవరును తెచ్చి పోయకున్నను ఏటేట పేదవాని పళ్లెమునకు అందును. కాని అవి ఎదురెక్కు వేళనే మనము కాలువలకు అడ్డముగా బుట్టలు పెట్టి, గ్రుడ్లతోనున్న తల్లులను పట్టి వండుకొనుచున్నాము. పెట్టలేని చేపను కొని తెచ్చి వదలుచు, పెట్టగల చేపను పెట్టనీయకున్నాము.

విద్యార్థులారా! వల వేసి బ్రదుకు కుటుంబముల కూడు ఈ రెండింటిపైనను ఆధారపడియున్నది. రోహు పిల్లలను నీరు నిండిన పిదప, తగిన సైజు వచ్చిన తరువాతనే వదలవలెను. తొలకరి కొన్ని దినములు పరకలకు దారి విడువవలెను. మొదటిది సంఘములు చూచుకొనవలసిన పని. రెండవది మీ యిండ్లలో మీరు చెప్పగల మాట. వచ్చే వానకాలము మత్తడి దూకునపుడు ఆ మాట చెప్పుదురని మా ఆశ.