సర్వరు ప్రోగ్రాములలో క్లాస్ లోడింగ్ చిక్కులు: పరిశీలన, పరిష్కారము

"సర్వరు పని చేయుట లేదు, రేపు రండి." ఈ మాట వినని గృహస్థు నేడు మన డెల్టా గ్రామములలో అరుదు. 2001లో హైదరాబాదున ఈ-సేవ కేంద్రములు వచ్చినవి. 2011లో మీ-సేవ వచ్చినది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనది. ధ్రువపత్రము మొదలు విద్యార్థి వేతనము వరకు పెక్కు పనులు ఎక్కడో దూరమున నడచు ప్రోగ్రాముల అధీనమైనవి. ఆ ప్రోగ్రాము ఆగినచో మొగల్తూరు నుండి కూలి మానుకొని వచ్చిన మనిషికి ఒక దినము నష్టమగును. కనుక సర్వరు ఎందుకు ఆగును, ఆగినప్పుడు ఎట్లు పరిశీలింపవలెను అను ప్రశ్న కేవలము పరీక్షకు సంబంధించినది కాదు.

సర్వరు ఆగుటకు కారణములు అనేకము. విద్యుత్తు లేకపోవచ్చును, లైను తెగవచ్చును, డేటాబేసు మొరాయింపవచ్చును. ఇవన్నియు సరిగా ఉండియు, ప్రోగ్రాములోని ప్రతి భాగమును డిస్కుపై కన్నులకు కనబడుచుండియు, "క్లాస్ దొరకలేదు" అని యంత్రము చెప్పు సందర్భము ఒకటి కలదు. మన విద్యార్థులు ప్రాజెక్టు పనిలో ఎక్కువగా తికమకపడునది ఇక్కడనే. మేము భాషాశాఖకు చెందినవారమైనను, కంప్యూటరు శాఖలోని మిత్రులతో కూర్చుండి ఈ విషయమును తెలుగున చెప్పుటకు ఇచట ప్రయత్నించుచున్నాము.

క్లాసు, లోడరు

జావా భాష 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించినది. ఆ భాషలో ప్రోగ్రాము క్లాసులు అను విభాగములుగా వ్రాయబడును. కంపైలరు ప్రతి క్లాసును ఒక ప్రత్యేక ఫైలుగా మార్చును. అట్టి ఫైళ్లను కొన్నింటిని కలిపి కట్టిన మూటకు జార్ అని పేరు. ప్రోగ్రాము మొదలైనంతనే క్లాసులన్నియు ఒక్కసారిగా మెమరీలోనికి రావు. ఏ క్లాసు ఎప్పుడు అవసరమగునో అప్పుడు దానిని వెదకి తెచ్చి యంత్రమునకు అప్పగించు భాగమే క్లాస్ లోడరు. అందుచేత పొద్దున చక్కగా ఆరంభమైన సర్వరు, మధ్యాహ్నము ఎవరో ఒక బొత్తాము నొక్కగా తప్పు చూపవచ్చును. ఆ క్లాసు అవసరము అప్పుడే తొలిసారి కలిగినదన్నమాట.

లోడరు ఒక్కటి కాదు. వరుసగా పలువురు కలరు. అన్నింటికి పైన బూట్‌స్ట్రాప్ లోడరు, దాని క్రింద ప్లాట్‌ఫారమ్ లోడరు, దాని క్రింద అప్లికేషన్ లోడరు ఉండును. 1998లో వచ్చిన జావా 1.2 నుండి ఒక నియమము స్థిరపడినది. క్రింది లోడరు తాను వెదకుటకు ముందు పై లోడరును అడుగవలెను. పైవాడు లేదన్న పిమ్మటనే తాను వెదకవలెను.

దీనిని మన కాలువలతో పోల్చి చూతము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని స్థానమున నేటి బ్యారేజి 1982లో పూర్తియైనది. అందలి నీరు విజ్జేశ్వరము వద్ద పశ్చిమ డెల్టా కాలువలోనికి వచ్చి, పిల్లకాలువలకు చీలి, చివరకు పంట బోదెలకు చేరును. శివారు గ్రామములవారమైన మనము నీటికి పైకి చూడవలసినదే. పై కాలువలోని నీరు బోదెకు దిగును గాని, బోదెలోని నీరు పై కాలువకు ఎక్కదు. లోడర్ల విషయమును ఇంతే. క్రిందివానికి పైవాని క్లాసులు కనబడును; పైవానికి క్రిందివాని క్లాసులు కనబడవు. ఈ ఒక్క వాక్యమును విద్యార్థులు గట్టిగా జ్ఞాపకముంచుకొన్నచో సగము చిక్కులు విడిపోవును.

సర్వరులోని ప్రత్యేక ఏర్పాటు

టామ్‌క్యాట్ వంటి సర్వరులో ఒకేసారి పలు వెబ్ అప్లికేషన్లు నడచును. ఒకదానిలోని క్లాసులు వేరొకదానికి అడ్డు రాకుండుటకు ప్రతి అప్లికేషనుకు ఒక్కొక్క లోడరు ఇయ్యబడినది. ఈ లోడరు పై నియమమును కొంత తలక్రిందు చేయును. జావా మూల క్లాసులను, సర్వ్‌లెట్ ప్రమాణ క్లాసులను మాత్రము పైనుండియే తీసికొనును. మిగిలినవానికి ముందుగా తన ఇంటనే, అనగా వెబ్-ఇన్ఫ్ అను డైరెక్టరీలోని క్లాసెస్ భాగమునందు, పిదప లిబ్ భాగమునందు వెదకును. అక్కడ లేనప్పుడే సర్వరు యొక్క ఉమ్మడి లిబ్ డైరెక్టరీ వంక చూచును. సముద్రతీర గ్రామములలో కాలువ నీటిని ముందే ఊరి చెరువున నింపుకొని, త్రాగుటకు తొలుత ఆ చెరువునే ఆశ్రయించుట వంటిది ఇది.

స్ట్రట్స్, స్ప్రింగ్ వంటి ఫ్రేమ్‌వర్కులు మనము కాన్ఫిగరేషన్ ఫైలులో వ్రాసిన పేరును చదివి, ఆ పేరుగల మన క్లాసును వెదకి నడపును. ఇప్పుడొక సందర్భము ఊహింపుడు. ఒక విద్యార్థి ఫ్రేమ్‌వర్కు జార్‌ను ఉమ్మడి లిబ్‌లో పెట్టినాడు. తన క్లాసులను వెబ్-ఇన్ఫ్‌లో ఉంచినాడు. ఫ్రేమ్‌వర్కు పై లోడరుకు చెందినదైనది. తన లోడరు ద్వారానే అది వెదకినచో, క్రిందనున్న విద్యార్థి క్లాసు దానికి కనబడదు. ఫైలు ఉన్నది, పేరు సరిగా ఉన్నది, కాని వెదకువాడు నిలిచిన చోటు తప్పు. ఫ్రేమ్‌వర్కు జార్‌ను అప్లికేషను యొక్క వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో ఉంచుటయే దీనికి విరుగుడు.

దీనికి ఎదురు ఉదాహరణ డేటాబేసు డ్రైవరు. కనెక్షన్ పూల్‌ను సర్వరే స్వయముగా నిర్వహించునట్లు ఏర్పాటు చేసినచో, డ్రైవరు జార్ సర్వరు యొక్క ఉమ్మడి లిబ్‌లో ఉండవలెను. అప్లికేషనులో దాచినది సర్వరుకు కనబడదు. "ఈ జార్ ఎక్కడ పెట్టవలెను?" అను ప్రశ్నకు జవాబు ఇంకొక ప్రశ్నలో కలదు: "దీనిని పిలుచువారెవరు?"

దోషముల పేర్లు, వాని భావములు

యంత్రము చూపు దోషముల పేర్లు ఒకే తీరుగ వినబడినను అర్థములు వేరు. పర్యాయపదములని తలచుట పొరపాటు.

"క్లాస్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్": ప్రోగ్రాము ఒక పేరును చెప్పి వెదకుమనగా ఆ పేరుగల క్లాసు దొరకలేదు. ముందుగా అక్షరములు సరిచూడవలెను. తెలుగు లిపిలోను ఉర్దూ లిపిలోను పెద్దబడి, చిన్నబడి అను భేదము లేదు. ఇంగ్లీషున కలదు, జావా దానిని ఖచ్చితముగా పాటించును. మన ఊరిని మొగల్తూరు అన్నను మొగల్తుర్రు అన్నను బస్సు కండక్టరుకు తెలియును. యంత్రమునకు ఒక్క అక్షరము మారిన ఊరే మారినట్లు.

"నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్": కంపైలు చేసిన నాడు ఉన్న క్లాసు నడపునాడు లేదని సాధారణార్థము. ఇంకొక అర్థము కూడ కలదు. క్లాసు దొరికినది గాని, దానిని సిద్ధపరచు తొలి ప్రయత్నము విఫలమైనది. మొదటిసారి "ఎక్సెప్షన్ ఇన్ ఇనీషియలైజర్ ఎర్రర్" అని అసలు కారణము తెలిపి, తరువాత అడిగినప్పుడెల్ల ఈ పేరుతోనే యంత్రము నిరాకరించును. కనుక లాగ్ ఫైలులో చివరి దోషమును కాక మొట్టమొదటి దోషమును చూడవలెను.

"నో సచ్ మెథడ్ ఎర్రర్": క్లాసు దొరికినది, కాని మనము కోరిన ప్రతి కాదు. ఒకే గ్రంథము యొక్క పాత ముద్రణ, క్రొత్త ముద్రణ రెండును అలమరలో ఉండగా పాతది చేతికి వచ్చినట్లు. ఒకే జార్ రెండు వెర్షన్లు లిబ్‌లో చేరినప్పుడు ఇది తరచు జరుగును.

"అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్": క్రొత్త జావాతో కంపైలు చేసి పాత జావాపై నడపుట. దోష వాక్యములో 61 అని ఉన్నచో జావా 17తో చేసినదని, 52 అని ఉన్నచో జావా 8తో చేసినదని అర్థము.

"క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్": ఇది అన్నింటిలో విచిత్రమైనది. ఒక్కొక్కప్పుడు "ఈ క్లాసును అదే క్లాసుగా మార్చజాలము" అన్నట్లు రెండు ప్రక్కల ఒకే పేరు కనబడును. మస్తాన్ అను పేరుగల విద్యార్థులు ఇద్దరు వేరు వేరు సెక్షన్లలో ఉన్నారనుకొందము. పేరు మాత్రము పిలిచినచో హాజరు ఎవరికి వేయవలెను? పేరును సెక్షనును కలిపి చెప్పినప్పుడే మనిషి తేలును. జావాలోను క్లాసు గుర్తింపు పేరు ఒక్కదానితో కాదు. పేరును, దానిని తెచ్చిన లోడరును కలిసిననే గుర్తింపు. ఒకే జార్ రెండు చోట్ల ఉండి, రెండు లోడర్ల ద్వారా వచ్చినచో, ఒకే పేరుగల రెండు వేరు క్లాసులగును.

ఇందువలన ఒక హెచ్చరిక చేయవలసియున్నది. క్లాసు దొరకలేదనగానే జార్‌ను కనబడిన ప్రతి డైరెక్టరీలోనికి కాపీ చేయు అలవాటు విద్యార్థులలో ప్రబలియున్నది. అప్పటికి దోషము మాయమైనట్లు తోచును. పిమ్మట అదియే క్లాస్ కాస్ట్ ఎక్సెప్షనుగనో, నో సచ్ మెథడ్ ఎర్రరుగనో తిరిగి వచ్చును.

2020 నాటి పేరు మార్పు

జావా ఎంటర్‌ప్రైజ్ ప్రమాణముల నిర్వహణను ఒరాకిల్ సంస్థ ఎక్లిప్స్ ఫౌండేషనుకు అప్పగించుటకు 2017లో నిర్ణయించినది. జావా అను పేరుపై హక్కు ఒరాకిల్ వద్దనే నిలిచినందున, 2020లో వెలువడిన జకార్తా ఈఈ 9లో ఆ ప్రమాణ క్లాసుల ప్యాకేజీ పేర్లు "జావాక్స్" నుండి "జకార్తా"గా మారినవి. టామ్‌క్యాట్ 9 పాత పేర్లను ఎరుగును. టామ్‌క్యాట్ 10 క్రొత్త పేర్లనే ఎరుగును. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ 6 సైతము క్రొత్త పేర్లకే మారినది. పాత పుస్తకము చూచి వ్రాసిన ప్రాజెక్టును టామ్‌క్యాట్ 10పై పెట్టినచో సర్వ్‌లెట్ క్లాసే లేదనును. ఇచట లేనిది క్లాసు కాదు, పాత పేరు. సర్వరును, ఫ్రేమ్‌వర్కును, మన ప్రోగ్రామును ఒకే నామావళికి చెందినవిగా ఎంచుకొనవలెను.

పరిశీలనా క్రమము

మొదటిది: లాగ్ ఫైలును తెరచి తొలి దోషమును, దాని క్రింద "కాజ్డ్ బై" అను పంక్తులను చివరిదాక చదువవలెను.

రెండవది: దోషము పేరును బట్టి అది లేమియా, పాత ప్రతియా, జంట ప్రతియా నిర్ణయింపవలెను.

మూడవది: ఆ క్లాసు ఎక్కడినుండి వచ్చినదో యంత్రమునే అడుగవలెను. జావాను "వెర్బోస్ క్లాస్" అను ఆప్షనుతో నడపినచో ఏ క్లాసు ఏ జార్ నుండి వచ్చినదో వరుసగా తెలుపును.

నాల్గవది: మావెన్ వాడువారు "డిపెండెన్సీ ట్రీ" ఆజ్ఞతో, కోరకయే వెంట వచ్చిన జార్‌లను కనుగొనవచ్చును. సర్వ్‌లెట్ ప్రమాణ జార్ సర్వరు వద్దనే ఉండును గనుక దానిని "ప్రొవైడెడ్" అని గుర్తించి అప్లికేషనులో చేర్చకుండవలెను.

ఐదవది: ఒకసారి ఒక్క మార్పే చేసి, సర్వరును పూర్తిగా ఆపి మరల నడపి చూడవలెను. సర్వరును ఆపక అప్లికేషనును మాత్రము మాటిమాటికి మార్చుచున్నచో, విడువబడని త్రెడ్ల వలన పాత లోడరు మెమరీలో మిగిలిపోయి తన క్లాసులన్నింటిని పట్టుకొనియుండును. క్రమముగా మెటాస్పేస్ నిండి సర్వరు ఆగును.

లోడరు ద్వారపాలకుడు కూడ

ఈ విద్య దోష నివారణకే కాక రక్షణకును అవసరము. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్కులో ఫారము నుండి వచ్చిన పేర్లను బట్టి ప్రోగ్రాములోని విలువలు నింపబడును. దుర్మార్గులు ఆ పేర్ల ద్వారా లోడరును చేరుకొను మార్గము 2010లోనే బయటపడగా మూసివేయబడినది. 2017లో వచ్చిన జావా 9 క్లాసుకు మాడ్యూల్ అను క్రొత్త అంగమును చేర్చినది. ఆ ప్రక్కత్రోవన మరల లోడరును చేరవచ్చునని 2022 మార్చిలో వెల్లడియైనది. టామ్‌క్యాట్‌పై వార్ ఫైలుగా నడచు అప్లికేషన్లు ప్రమాదమున పడినవి. స్ప్రింగ్ 5.3.18, 5.2.20 వెర్షన్లు మార్చి 31న వెలువడి ఆ ద్వారమును మూసినవి. స్ట్రట్స్‌లోను ఇట్టి లోపమే 2014లో కనుగొనబడినది. ముందు వేసిన తాళము సరియైనదే; ఇంటికి క్రొత్త తలుపు పెట్టిన సంగతి కాపలాదారునకు తెలియలేదు.

విద్యార్థులారా! పరీక్షలో "క్లాస్ లోడరును నిర్వచింపుము" అను ప్రశ్నకు నాలుగు పంక్తులు వ్రాసి మార్కులు పొందుట సులభము. ఉద్యోగములో ఆ నిర్వచనమునెవరును అడుగరు. ఆగిన సర్వరును చూపి కారణము అడుగుదురు. అప్పుడు కంగారుపడక, ఎవరు వెదకిరి, ఎక్కడ వెదకిరి, ఏ వరుసలో వెదకిరి అను మూడు ప్రశ్నలు వేసికొనుడు. దోష వాక్యమును తిట్టుగా కాక సాక్ష్యముగా చదువుడు. మన కళాశాల ప్రయోగశాలలో ప్రతి బృందము తనకెదురైన దోషమును, దాని కారణమును, చేసిన మార్పును ఒక నోటుబుక్కున తెలుగునగాని ఉర్దూలోగాని వ్రాసిపెట్టినచో, తరువాతి సంవత్సరపు విద్యార్థులకు అది ఏ పాఠ్యగ్రంథమునకును తీసిపోని గ్రంథమగును. కళాశాల కమిటీవారు ఇందులకు ప్రయోగశాలలో ఒక అలమర ఏర్పాటు చేయుదురు గాక యని కోరుచున్నాము.