రెండో విమానం: బొమ్మ చూసి కాదు, లెక్క చూసి

రిమోట్‌తో ఎగిరే నమూనా విమానాల్లో మొదట నేర్చుకునేది ‘ట్రైనర్’ మీద. దాని రెక్క పైన ఉంటుంది, కొసలు కాస్త పైకి లేచి ఉంటాయి. ఒరిగినా తనే సర్దుకుంటుంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి అది బాగా పట్టుబడింది. ఇప్పుడు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కిట్ కావాలంది.

అండమాన్‌లో ఉద్యోగం చేసే మాకు ఇది తేలిగ్గా తేలే విషయం కాదు. శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్) విమానాశ్రయం నౌకాదళ స్థావరంతో కలిసి ఉంది. డ్రోన్ నియమాలు, 2021 నమూనా విమానాలకూ వర్తిస్తాయి. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎరుపు, పసుపు రంగులున్న చోట అనుమతి లేకుండా ఎగరేయకూడదు. అందుకే ఇక్కడ కిట్ కట్టుకుని, కంప్యూటర్ సిమ్యులేటర్‌పై సాధన చేస్తాం. ఎగరేసేది సెలవుల్లో, శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లోనే. మొదటి రోజే విమానం ముక్కలైతే ఆ ఏడాదికి అంతే!

కనుక కాగితం, పెన్సిలు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం.

మొదటి లెక్క రెక్క మోసే బరువు. మా ట్రైనర్ 840 గ్రాములు, రెక్క 24 చదరపు డెసిమీటర్లు. అంటే చదరపు డెసిమీటరుకు 35 గ్రాములు. స్పిట్‌ఫైర్ 1,260 గ్రాములు, రెక్క 18. అంటే 70 గ్రాములు, సరిగ్గా రెట్టింపు. గాలిలో నిలబడటానికి కావలసిన కనీస వేగం ఈ అంకె వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి స్పిట్‌ఫైర్ సుమారు 1.4 రెట్ల వేగంతో దిగాలి. బరువు కూడా ఒకటిన్నర రెట్లు కనుక నేలకు తగిలితే దెబ్బలోని శక్తి మూడు రెట్లు. ఈ చివరి లెక్క వేసింది అమ్మాయే. ఆ తర్వాత స్పిట్‌ఫైర్ మాట తనే పక్కన పెట్టింది.

రెండోది, కొత్తగా నేర్చుకునేది ఒక్కటే ఉండాలి. మా ట్రైనర్‌కు ఎయిలరాన్లు, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, లేవు. అందుకే అవి ఉన్న, రెక్క మధ్యలో అమరిన సాదా ఫోమ్ కిట్ ఎంచుకున్నాం. 968 గ్రాములు, రెక్క 22, అంటే 44 గ్రాములు. దిగే వేగం ట్రైనర్ కంటే సుమారు 12 శాతమే ఎక్కువ.

మూడోది ఖర్చు, ప్రయాణం. పాత మోటారు, రిసీవర్, బ్యాటరీ ఇందులోనూ సరిపోతాయి. రెక్క రెండు ముక్కలుగా విడిపోతుంది కనుక పెట్టెలో పడుతుంది. విరిగినా జిగురుతో అతుకుతుంది. విడి భాగాలు సముద్రం దాటి రావలసిన చోట ఇది చిన్న లాభం కాదు.

విమానంలో వెళ్లేటప్పుడు విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి, కొసలకు టేపు చుట్టాలి. 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. మాది 11.1 వోల్టులు, 2.2 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 24.4.

మీ పిల్లలూ రెండో కిట్ అడిగితే పెట్టె మీది బొమ్మను కాసేపు పక్కన పెట్టి, బరువు, రెక్క వైశాల్యం చూడండి. భాగహారం మాత్రం వాళ్లచేతే చేయించండి.