వాగు దాటగలదా ఈ కారు?

తొమ్మిదవ తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం చెబుతున్న రోజున ఒక విద్యార్థి పత్రికలోంచి కత్తిరించిన కారు బొమ్మను తెచ్చి నా బల్లమీద పెట్టాడు. తళతళలాడే రంగు, పులి ముక్కును తలపించే ముందుభాగం, నేలకు బాగా ఎత్తుగా నిలిచిన శరీరం. “సార్, ఇది చూడటానికి జీపులాగే ఉంది. మన వాగు దాటుతుందా?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల అంచుకు వచ్చినవారికి ఇది నవ్వులాట ప్రశ్న కాదు. వానాకాలంలో చప్టాల మీదుగా నీళ్లు పారుతుంటే అవతలి ఊళ్ల పిల్లలు బడికి రాలేరు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం పట్టణంలోని కాలనీలనే ముంచింది. అటువంటి రోజున “ఫరవాలేదు, మన బండి ఎత్తుగా ఉంది, పోనీయ్” అన్న ఒక్కమాట ప్రాణాలమీదికి తెస్తుంది. కాబట్టి ఆ కుర్రవాడి ప్రశ్నకు సరైన జవాబు వెతుకుదాం. అంతకుముందు ఆ కారు ఏమిటో, ఎలా పుట్టిందో తెలుసుకోవాలి గదా!

నమూనా కారు అంటే ఏమిటి?

ఆ బొమ్మలో ఉన్నది కియా అనే కొరియా సంస్థవారి ‘ఎస్‌పి కాన్సెప్ట్’. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ సమీపాన గ్రేటర్ నోయిడాలో జరిగిన మోటారు ప్రదర్శనలో దీన్ని చూపించారు. కాన్సెప్ట్ కారు అంటే అమ్మకానికి పెట్టిన కారు కాదు. ఒక ఆలోచనకు ఇచ్చిన రూపం. “ఇటువంటి బండి చేస్తే మీకు నచ్చుతుందా?” అని జనాన్ని అడిగే ప్రశ్న అన్నమాట.

ఈ పద్ధతికి ఆద్యమైనదిగా 1938లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ తయారుచేసిన ‘బ్యూయిక్ వై-జాబ్’ను చెబుతారు. దాన్ని రూపొందించినవాడు హార్లీ ఎర్ల్. లోపలికి దాగిపోయే దీపాలు, విద్యుత్తుతో కదిలే కిటికీ అద్దాలు ఆ రోజుల్లోనే అందులో ఉన్నాయి. కారు రూపాన్ని ముందుగా బంకమట్టితో చేసి చూసే అలవాటును వ్యాప్తిలోకి తెచ్చినవాడు కూడా ఆయనే. మీరు చిన్నప్పుడు చెరువుమట్టితో ఎడ్లబండి చేశారా? ఇంజనీర్లు చేసేదీ అదే. అయితే వారి మట్టిలో మైనం, నూనె కలిసి ఉంటాయి. వేడిచేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. ఎన్నిసార్లయినా చెక్కి, పూసి సరిచేయవచ్చు. నేడు కంప్యూటరు తెరమీద గీసినా, చివరకు చేత్తో తడిమి చూడటానికి మట్టినమూనా చేస్తూనే ఉన్నారు.

ఎస్‌పి కాన్సెప్ట్ బొమ్మగానే మిగిలిపోలేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాలలో నిర్మించిన కర్మాగారంలో అది నిజమైన కారుగా రూపుదిద్దుకొని, 2019 ఆగస్టు 22న ‘సెల్టోస్’ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. గ్రీకు పురాణవీరుడు హెర్క్యులిస్ కుమారుడి పేరునుంచి ఈ పేరు పుట్టింది. అప్పటి అనంతపురం జిల్లాలోని ఆ ప్రాంతం 2022నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. కరవుసీమగా పేరుపడ్డ ఆ నేలమీద తయారైన కార్ల సంఖ్య 2023 జూలైలో పది లక్షలకు చేరింది.

రెండు జాతుల కలయిక

ఇటువంటి బండిని క్రాసోవర్ అంటారు. ఈ మాట అర్థం కావాలంటే మన ఎడ్లబండిని గుర్తుచేసుకోండి. కింద నొగలు, ఇరుసు, వాటిమీద తొట్టి. తొట్టిని ఊడదీసినా బండి నడుస్తుంది. పాత జీపుల నిర్మాణమూ ఇంతే. నిచ్చెనలాంటి ఉక్కు చట్రం కింద ఉంటుంది. శరీరాన్ని దానిమీద బిగిస్తారు. రాళ్లమీద, గతుకులమీద ఇది గట్టిగా నిలుస్తుంది. కాని బరువెక్కువ, కుదుపెక్కువ.

మామూలు కారుకు అటువంటి వేరు చట్రం లేదు. కోడిగుడ్డు పెంకులాగా శరీరమే బరువును మోస్తుంది. దీన్ని మోనోకాక్ నిర్మాణం అంటారు. ఇది తేలిక, ఇంధనం ఆదా అవుతుంది, ప్రయాణం మెత్తగా సాగుతుంది. ఈ కారు శరీరానికే జీపు ఎత్తును, జీపు రూపాన్ని ఇస్తే అది క్రాసోవర్. జపాన్‌కు చెందిన టొయోటా సంస్థ తన విలాస కార్ల విభాగం లెక్సస్ పేరిట 1997లో షికాగో ప్రదర్శనలో ఇటువంటి నమూనాను చూపించి, మరుసటి ఏడాది ‘ఆర్ఎక్స్’ పేరుతో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. విలాస క్రాసోవర్లకు అది దారి చూపింది.

2019నాటి సెల్టోస్ పొడవు 4,315 మి.మీ., వెడల్పు 1,800 మి.మీ. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య దూరం 2,610 మి.మీ. నేలనుంచి అడుగుభాగం ఎత్తు సుమారు 190 మి.మీ., అంటే 19 సెం.మీ. ఈ చివరి అంకెను జ్ఞాపకం ఉంచుకోండి. మనకు పనికొస్తుంది.

సౌకర్యాల వెనుక శాస్త్రం

ఖరీదైన రకాలలో ఎన్నో సదుపాయాలు కనిపిస్తాయి. వాటిని మంత్రాలు అనుకోకండి. మీ పాఠ్యపుస్తకంలోని సూత్రాలే అక్కడ పనిచేస్తున్నాయి.

ముందు సీట్లలో చిన్న పంకాలు ఉంటాయి. అవి వీపు వెనుక గాలిని ఆడిస్తాయి. చెమట ఆవిరై, పోతూ పోతూ ఒంటినుంచి వేడిని తీసుకుపోతుంది. మట్టి కూజాలో నీళ్లు చల్లబడటానికి కారణం కూడా ఇదే బాష్పీభవనం. డ్రైవరు ఎదుట ఒక చిన్న పారదర్శక పలక మీద వేగం అంకెలు వెలుగుతాయి. చూపు రోడ్డుమీదనుంచి తిప్పనక్కరలేదు. ఇది కాంతి పరావర్తనం.

కొన్ని రకాలలో బురద, తడి, ఇసుక అనే మూడు గుర్తులున్న మీట ఉంది. దీన్ని చూసి బండి ఎక్కడికైనా పోతుందని భ్రమపడతారు. మన దేశంలో అమ్మిన ఈ కారులో ఇంజను శక్తి ముందు రెండు చక్రాలకే అందుతుంది. ఒక చక్రం బురదలో ఉత్తినే తిరుగుతుంటే, యంత్రం దాన్ని అదుపుచేసి శక్తిని పట్టున్న చక్రానికి మళ్లిస్తుంది. ఉన్న ఘర్షణను పొదుపుగా వాడటమే దాని పని. లేని ఘర్షణను అది పుట్టించలేదు.

ఎత్తుకు చెల్లించే ధర

ఎత్తుగా ఉంటే రాయి తగలదు, దారి బాగా కనబడుతుంది. నిజమే. కాని ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. ఎత్తు పెరిగితే గరిమనాభి కూడా పైకి పోతుంది.

ఒక అగ్గిపెట్టెను పడుకోబెట్టి, మరొకదాన్ని నిలబెట్టి ఒకే పలకమీద ఉంచండి. జారకుండా ఉండటానికి వాటి దిగువ అంచుకు చిన్న పుల్ల అడ్డం పెట్టి, పలకను మెల్లగా వంచండి. ఏది ముందు పడింది? నిలబెట్టినదే గదా! గరిమనాభినుంచి గీసిన నిలువుగీత ఆధారం దాటి బయటకు పోగానే వస్తువు దొర్లుతుంది.

కారు విషయంలో లెక్క ఇలా ఉంటుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 150 సెం.మీ. అనుకుందాం. అందులో సగం 75. గరిమనాభి ఎత్తు 60 సెం.మీ. అయితే, 75ను 60తో భాగించగా 1.25 వస్తుంది. అదే బండి కప్పుమీద మూటలు, మనుషులు ఎక్కి గరిమనాభి 90 సెం.మీ.కు చేరిందనుకోండి. నిష్పత్తి 0.83కు పడిపోతుంది. పొడి తారురోడ్డుమీద టైరు ఘర్షణ గుణకం సుమారు 0.7 నుంచి 0.8 వరకు ఉంటుంది. మన నిష్పత్తి దీనికంటే బాగా ఎక్కువగా ఉన్నంతవరకు, మలుపులో వేగం మించితే బండి ముందు పక్కకు జారుతుంది. రెండూ దగ్గరపడితే జారకుండానే దొర్లిపోతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో జీపు కప్పుమీద కూర్చోవద్దని పెద్దలు అనేది ఇందుకే.

ఇక వాగు లెక్క

మన అసలు ప్రశ్నకు వద్దాం. ఇంట్లో ఒక టిఫిన్ డబ్బా తీసుకోండి. మూత బిగించి బకెట్ నీళ్లలో వదలండి. తేలుతుంది. రెండు మూడు గులకరాళ్లు వేసి మళ్లీ వదలండి. కొంచెం లోతుకు దిగినా తేలుతూనే ఉంటుంది. డబ్బా ఎంత నీటిని పక్కకు నెడుతుందో అంత నీటి బరువు దాన్ని పైకి నెడుతుంది.

కారు కూడా ఒక డబ్బాయే. పైగా విలాసవంతమైన కారుకు తలుపుల చుట్టూ రబ్బరుపట్టీలు ఉంటాయి; బయటి చప్పుడు, దుమ్ము, వాన లోపలికి రాకుండా గట్టిగా బిగించి ఉంటాయి. లోపలివారికి సుఖం ఇచ్చే ఆ పట్టీలే వాగులో ప్రమాదం తెస్తాయి. నీరు వెంటనే లోపలికి రాదు గనుక కారు కొంతసేపు పడవలాగా ప్రవర్తిస్తుంది.

నల్లబల్లమీద మేము వేసిన లెక్క ఇది. బండి, మనుషులు కలిసి 1,500 కి.గ్రా. అనుకున్నాము. ఇంజను కింది భాగం పూర్తిగా మూసి ఉండదు కాబట్టి, నీటిని నెట్టే అడుగు వైశాల్యాన్ని తగ్గించి 6 చదరపు మీటర్లుగా తీసుకున్నాము. నీరు అడుగును తాకిన తర్వాత ఒక్క సెంటీమీటరు పెరిగితే 0.06 ఘనపు మీటరు, అంటే 60 లీటర్ల నీరు తొలగుతుంది. దాని బరువు 60 కి.గ్రా. అంటే నీరు సెంటీమీటరు పెరిగినప్పుడల్లా ఒక మనిషి బండి దిగిపోయినంత తేలిక అవుతుంది!

1,500ను 60తో భాగిస్తే 25. అడుగు ఎత్తు 19 సెం.మీ. దానికి 25 కలిపితే 44 సెం.మీ. ఇంచుమించు ఆ లోతులో కారు బరువు నేలమీద లేనట్లే.

బొమ్మ తెచ్చిన కుర్రవాడు కొలబద్ద తీసుకొని తన మోకాలి ఎత్తు కొలుచుకున్నాడు. 45 సెం.మీ. వచ్చింది. “అంటే నా మోకాటి లోతు నీళ్లకేనా సార్?” అన్నాడు. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు.

ఇది నిలువనీటి సంగతి. పారే నీటిలో ప్రమాదం ఇంకా ముందే వస్తుంది. టైరు పట్టు బండి బరువుమీద ఆధారపడుతుంది. 30 సెం.మీ. నీటిలోనే మన లెక్క ప్రకారం 11ను 60తో హెచ్చవేయగా 660 కి.గ్రా. తగ్గి, నేలను అదిమే బరువు 840 కి.గ్రా. మాత్రమే మిగిలింది. అదే సమయంలో ప్రవాహం పక్కనుంచి తోస్తుంది. నీటి సాంద్రత గాలికంటే సుమారు 800 రెట్లు ఎక్కువ. పైగా ప్రవాహవేగం రెండింతలైతే తోపు నాలుగింతలు అవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. చప్టా అంచుకు గోడ ఉండదు. ఒక్కసారి చక్రాలు జారితే మళ్లీ పట్టు దొరికే చోటు ఉండదు.

మరి ట్రాక్టరు ఎలా దాటుతుంది అని మీరు అడగవచ్చు. దాని అడుగున మూసిన డబ్బా లేదు; పెద్ద చక్రాల మధ్యనుంచి నీరు పారిపోతుంది. అందువల్ల అంత సులువుగా తేలదు. కాని వెనుక ఉన్న ట్రాలీ డబ్బాలాంటిదే గదా! పైగా బురదనీటి కింద చప్టా కొట్టుకుపోయి గుంట పడి ఉంటే ఏ బండీ ఏమీ చేయలేదు.

కాబట్టి జవాబు ఇది. ఆ కారు మంచి కారే; ఎందరో ఇంజనీర్ల తెలివికి ఫలం. అది గతుకుల దారిలో హాయిగా పోతుంది. పొంగే వాగును మాత్రం దాటలేదు, దాటించకూడదు కూడా. రూపం జీపుదే అయినా నీటికి రూపంతో పనిలేదు, ధరతోనూ పనిలేదు. అది బరువును, ఘనపరిమాణాన్ని మాత్రమే చూస్తుంది.

విద్యార్థులారా! చప్టామీద నీరు పారుతుంటే ఆగండి. బండి నడిపే మామయ్యనో బాబాయినో ఆపి ఈ లెక్క చెప్పండి. ఒక పూట బడి పోయినా ఫరవాలేదు; మరునాడు ఆ పాఠం మళ్లీ చెప్పించుకోవచ్చు.

ఆలోచించండి

1. ఒక చిన్న కారు మనుషులతో కలిసి 1,200 కి.గ్రా. అడుగు వైశాల్యం 5 చ.మీ., అడుగు ఎత్తు 17 సెం.మీ. అది ఎంత లోతు నీటిలో తేలుతుంది? (జవాబు: 41 సెం.మీ.)

2. బరువైన సామాను కప్పుమీద కాక బండి అడుగున ఎందుకు పెట్టాలి?

3. నీటిలో తేలుతున్న కారు తలుపులు తెరిస్తే ఏమవుతుంది? టిఫిన్ డబ్బాతో చేసి చూసి, కారణం రాయండి.