పాత డ్రోనా, కొత్త డ్రోనా?



"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అనే సామెత మీరు విన్నదే. కొత్త వస్తువు కనబడగానే పాతదాన్ని చిన్నచూపు చూసే మన గుణాన్ని ఇది ఎత్తిచూపుతుంది. మరి పాతది సగం ధరకే వస్తుంటే? అప్పుడు రోత పోయి పాతదే వింతగా కనిపిస్తుంది. ఒకసారి మా తొమ్మిదో తరగతిలో ఇదే జరిగింది.

మా కాలనీలో ఒక కుటుంబానికి బదిలీ అయింది. సామాను సర్దుకుంటూ నాలుగేళ్లు వాడిన డ్రోన్‌ను 18,000 రూపాయలకు అమ్ముతామన్నారు. అలాంటిదే కొత్త మోడల్ 32,000. మా విద్యార్థి ఒకడు రెండేళ్లుగా పండుగ డబ్బులు దాచుకుంటున్నాడు. "సార్, వాళ్లు ఆదివారం వెళ్లిపోతారట. పాతది కొనేయమంటారా?" అని అడిగాడు. డ్రోన్ల సంగతి మాకూ అంతంతమాత్రమే తెలుసు. అందరం కలిసి చదివాం, తెలిసినవారిని అడిగాం, లెక్కలు వేశాం. అలా నేర్చుకున్నదే ఈ పాఠం.

కాగితాలు

మీలో చాలామంది టి.సి. పట్టుకుని మూడు నాలుగు బడులు మారినవారే. బడి మారినప్పుడు కొత్త బడిలో టి.సి. అడుగుతారు. డ్రోన్‌కూ అలాంటి పద్ధతే ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం డ్రోన్‌ను ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసి, దానికి విశిష్ట గుర్తింపు సంఖ్య పొందాలి. అమ్మినా, బహుమతిగా ఇచ్చినా ఆ సంఖ్యతో సహా యజమాని పేరు మార్పించాలి. కాబట్టి పాతది కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంతకిస్తారు?" అని కాదు, "సంఖ్య ఉందా? పేరు మారుస్తారా?" అని.

బరువు కూడా చూడాలి. 250 గ్రాముల వరకు ఉన్నది నానో, అది దాటి 2 కిలోల వరకు ఉన్నది మైక్రో. నానో డ్రోన్‌కూ, వ్యాపారానికి కాకుండా వాడే మైక్రో డ్రోన్‌కూ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

బ్యాటరీ

డ్రోన్‌లో ముందుగా ముసలిదయ్యేది బ్యాటరీ. వీటిలో ఎక్కువగా లిథియం పాలిమర్ బ్యాటరీలు వాడతారు. వాడినా, వాడకుండా నిండా ఛార్జి చేసి నెలల తరబడి అటక మీద పెట్టినా వాటి శక్తి తగ్గిపోతుంది. బ్యాటరీని బల్ల మీద పెట్టి చూడండి. పొట్ట ఉబ్బి ఉంటే దాన్ని ఇక వాడకూడదు, ఛార్జి చేయకూడదు. నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. బాగానే కనిపిస్తే నిండా ఛార్జి చేసి, అమ్మేవారినే ఎగరేయమని, గడియారం చూడండి. పెట్టె మీద రాసిన నిమిషాలు గాలి లేనప్పటివి. లేహ్ లాంటి చలి ప్రదేశాలకు బదిలీ అయితే అవి ఇంకా తగ్గుతాయి.

విడిభాగాలు, యాప్

నేర్చుకునేటప్పుడు డ్రోన్ కింద పడక తప్పదు. రెక్కలు విరుగుతాయి. ఆ మోడల్ రెక్కలు, బ్యాటరీలు ఇంకా దొరుకుతున్నాయా? దాని యాప్ మన ఫోనులో పనిచేస్తుందా? 2022 ఫిబ్రవరిలో మన దేశం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మినహాయింపు ఉంది. విడిభాగాల దిగుమతికి ఆ నిషేధం లేదు. అయినా పాత విదేశీ మోడల్ అయితే బాగుచేసేవారు దగ్గరలో ఉన్నారో లేదో ముందే కనుక్కోవాలి.

అసలు లెక్క

మా నల్లబల్ల మీద వేసిన లెక్క ఇది:

పాత డ్రోన్: 18,000
రెండు కొత్త బ్యాటరీలు (4,500 చొప్పున): 9,000
రెక్కల సెట్లు: 1,000
మొత్తం: 28,000

14,000 అనుకున్న తేడా 4,000కు దిగింది. పైగా కొత్తదానికి వారంటీ ఉంది, అడ్డం వచ్చిన చెట్టును గుర్తించి ఆగే సెన్సార్లు ఉన్నాయి.

చివరికి ఏమైంది?

శనివారం మా విద్యార్థి వాళ్ల నాన్నగారితో వెళ్లి చూశాడు. డ్రోన్ చక్కగానే ఉంది. కానీ రెండు బ్యాటరీలూ ఉబ్బి ఉన్నాయి, నమోదు సంఖ్య లేనేలేదు. ఆ ఇంటివారు మంచివారే, తమకు ఆ సంగతి తెలియదన్నారు. వాడు కొనలేదు. ఆదివారం లారీ వెళ్లిపోతుంటే గేటు దగ్గర నిలబడి చూశాడట. సోమవారం తరగతిలో ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. మాకూ మనసు చివుక్కుమంది.

అయినా పాతది కొనవద్దని మేము చెప్పడం లేదు. కాగితాలు సరిగా ఉండి, బ్యాటరీ గట్టిగా ఉండి, రెక్కలు దొరికేదైతే చేయి తిరగడానికి పాత డ్రోనే మేలు. కింద పడినా గుండె పగలదు. ఆ మూడింటిలో ఏది లేకపోయినా ఉచితంగా ఇచ్చినా ఆలోచించాలి.

ఇంకో మాట. పాతదైనా కొత్తదైనా ఎగరేసే ముందు డ్రోన్ మ్యాప్‌లో మీ చోటు చూడండి. ఎర్ర రంగు ఉంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. కంటోన్మెంట్లలో, విమానాశ్రయాల దగ్గర ఉండే పిల్లలు ఇది మరవకూడదు.

పదాలు – అర్థాలు
రోత: అసహ్యం
విడిభాగం: యంత్రంలో విడిగా మార్చగల భాగం
చేయి తిరగడం: పనిలో నేర్పు రావడం

ఆలోచించండి – రాయండి
1. టి.సి.కీ, డ్రోన్ పేరు మార్పుకూ ఉన్న పోలిక ఏమిటి?
2. ఒక్క బ్యాటరీయే మార్చాల్సి వస్తే పాత డ్రోన్ మొత్తం ఖర్చు ఎంత? మీరైతే ఏది కొంటారు? ఎందుకు?
3. బదిలీ సమయంలో మీ ఇంట్లో కొన్న లేదా అమ్మిన ఒక వస్తువు గురించి పది వాక్యాలు రాయండి.