ఇంటి స్థాయిలో కార్సిరా సంవర్ధనాల ఆరోగ్య పరిరక్షణ – చీమకుర్తి ప్రాంతానికి అనువైన పద్ధతులు

ప్రత్తి కాయతొలుచు పురుగులను గుడ్డు దశలోనే నశింపజేసే ట్రైకోగ్రామా పరాన్నజీవిని ప్రయోగశాలలో బియ్యపు రెక్కల పురుగు (కార్సిరా సెఫలోనికా) గుడ్లపై వృద్ధి చేస్తారు. అందుచేత ట్రైకోకార్డు నాణ్యత కార్సిరా పెట్టెలోనే నిర్ణయమవుతుంది. చీమకుర్తి పరిసరాలలో గ్రామీణ యువతగాని, మహిళా సంఘాలుగాని ఒక గదిలో ఈ పెంపకాన్ని చేపట్టవచ్చు. అయితే ఇటువంటి యూనిట్లకు మొదటి బ్యాచ్ కంటె మూడవ, నాలుగవ బ్యాచ్‌లే అసలు పరీక్ష. సంవర్ధనం బలహీనపడిన సంగతి గుర్తించక కార్డులు పంపిణీ చేస్తే పొలంలో ఫలితం కనిపించదు. అప్పుడు రైతు తప్పుపట్టేది ఆ పెట్టెను కాదు, జీవనియంత్రణ పద్ధతినే. జన్యుశాస్త్ర ప్రయోగశాలలో పండ్ల ఈగ సీసాలను పోషించిన విద్యార్థులకు ఇందలి సూత్రాలు పరిచితమైనవే: శుభ్రమైన ఆహారం, మితమైన సాంద్రత, నిలకడగల ఉష్ణోగ్రత, వేరుగా భద్రపరచిన మూలసంవర్ధనం.

ఆహారం తయారీ

ప్రకాశం మెట్ట ప్రాంతంలో లభించే సజ్జలు ఇందుకు శ్రేష్ఠం. పురుగుమందు కలిపి నిల్వచేసిన గింజలను వాడరాదు. అవశేషాల వలన తొలిదశ లార్వాలు మరణిస్తాయి. కొత్త బస్తా తెచ్చినపుడు గుప్పెడు నూకలో కొన్ని గుడ్లు వేసి, లార్వాలు బతుకుతున్నవని నిర్ధారించుకున్న తరువాతనే మిగిలిన గింజలను వాడాలి. గింజను రెండు మూడు ముక్కలయ్యేలా మరపట్టించి, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేయాలి. దీనివలన గింజలో దాగిన ఎర్ర పిండిపురుగు, నల్లులు (మైట్లు) నశిస్తాయి. అనంతరం 0.1 శాతం ఫార్మలిన్ చల్లి నీడలో ఆరబెట్టాలి. పెట్టెకు 2.5 కిలోల నూక, 100 గ్రాముల వేరుశనగ పొడి, 5 గ్రాముల ఈస్టు, 5 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలపాలి. గంధకం నల్లులను అదుపులో ఉంచుతుంది. ఈ మిశ్రమంపై 0.5 ఘన సెంటీమీటరు గుడ్లను, అంటే సుమారు తొమ్మిది, పది వేలను సమంగా చల్లాలి. ఎక్కువ గుడ్లు వేస్తే ఎక్కువ రెక్కల పురుగులు వస్తాయనుకోవడం పొరపాటు. సాంద్రత పెరిగితే పెట్టె వేడెక్కుతుంది, లార్వాలు గిడసబారుతాయి, తల్లిపురుగులు చిన్నవై తక్కువ గుడ్లు పెడతాయి.

ఉష్ణోగ్రత, తేమ

26–28 డిగ్రీల ఉష్ణోగ్రత, 65–75 శాతం గాలితేమ అనుకూలం. ఈ స్థితిలో సుమారు 40 రోజుల నుండి రెక్కల పురుగులు వెలువడతాయి. మే నెలలో రేకుల షెడ్డు ఈ పెంపకానికి పనికిరాదు. మట్టి గోడలు, తాటాకు కప్పు లేదా మిద్దె ఉండి ఉత్తరం వైపు కిటికీ గల గదిని ఎంచుకొని, కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టాలి. నీటిని పెట్టెలపై చల్లరాదు; నూక తడిస్తే బూజు, ఆపై నల్లులు ఆవరిస్తాయి. గ్రానైటు పాలిషింగు యూనిట్ల దుమ్ము చేరే రోడ్డు పక్క గదులను విడిచిపెట్టడం మేలు. చీమలు చేరకుండా బల్ల కాళ్లను నీటి గిన్నెలలో నిలపాలి.

శత్రువుల గుర్తింపు

ప్రధాన శత్రువు బ్రాకాన్ హెబిటర్ అనే చిన్న కందిరీగ. కొబ్బరి నల్లతల గొంగళిపురుగుపై మనమే విడుదల చేసే మిత్రకీటకం ఇక్కడ శత్రువవుతుంది. అది తాను గుడ్లు పెట్టగలిగిన దానికంటె ఎక్కువ లార్వాలను కుట్టి చచ్చుపరుస్తుంది. కాబట్టి రెండు మూడు కందిరీగలు కనిపించినా తేలికగా తీసుకోరాదు. గూడులో కదలక పడివున్న లార్వాలు, వాటి పక్కన తెల్లని చిన్న పట్టుగూళ్లు దీని గుర్తులు. అటువంటి పెట్టెను గదిలో తెరవకుండా బయటకు తీసుకుపోయి, వేడినీటితోగాని ఎండలో నల్లని పాలిథీన్ సంచిలో మూసిగాని నాశనం చేయాలి. మూతలకు దగ్గరి నేత గుడ్డ బిగించాలి. ప్రతిరోజు పని కొత్త పెట్టెలతో మొదలుపెట్టి పాత పెట్టెలతో ముగించాలి. పాతవాటిని తాకిన చేతులతో కొత్తవాటి వద్దకు పోరాదు. గుడ్లు, రెక్కల పురుగులు తగ్గిపోయిన పెట్టెలను 90 రోజుల తరువాత ఉంచరాదు.

మూలసంవర్ధనం, కార్డులు

సేకరించిన గుడ్లను రెండు భాగాలుగా విభజించాలి. కార్డులకు వాడే గుడ్లకు అతినీలలోహిత కాంతి ఇచ్చి పిండాన్ని చంపాలి. లేకుంటే పరాన్నజీవి సోకని గుడ్ల నుండి లార్వాలు వెలువడి మిగిలిన గుడ్లను తినివేస్తాయి. మూలసంవర్ధనానికి కేటాయించిన గుడ్లకు ఈ కాంతి తగలరాదు. ఈ రెండు డబ్బాలు తారుమారైతే తదుపరి బ్యాచ్ మొత్తం శూన్యమవుతుంది. అందువలన వాటికి వేర్వేరు రంగుల చీటీలు తప్పనిసరి. ఉత్పత్తి పెట్టెల నుండి దూరంగా, మరొక గదిలో రెండు మూడు మూలపెట్టెలను ఎల్లప్పుడూ ఉంచాలి.

పరాన్నజీవి సోకిన గుడ్లు నాలుగవ రోజు నల్లబడతాయి. ప్రతి బ్యాచ్‌లో ఒక చిన్న ముక్కను గాజు గొట్టంలో ఉంచి, నల్లబడిన గుడ్ల శాతాన్ని, వెలువడిన ఆడ, మగ కీటకాల సంఖ్యను నమోదు చేయాలి. మగవాటి నిష్పత్తి బ్యాచ్ తరువాత బ్యాచ్ పెరుగుతుంటే కార్డుల పంపిణీ ఆపి, గుర్తింపు పొందిన ప్రయోగశాల నుండి కొత్త మూలకార్డు తెచ్చుకోవాలి. ప్రత్తికి హెక్టారుకు ఒక విడతలో 1.5 లక్షల చొప్పున, అంటే ఎకరాకు 60,000 విడుదల చేయాలి. తక్కువ నాణ్యత గల కార్డును రెట్టింపు సంఖ్యలో ఇవ్వడం పరిష్కారం కాదు.

మనుషుల ఆరోగ్యం

రెక్కల పురుగుల పొలుసులు ఊపిరితిత్తులలో చేరి దగ్గు, ఉబ్బసం కలిగించవచ్చు. రెక్కల పురుగులను సేకరించేటపుడు ముక్కు, నోరు కప్పే మాస్కు ధరించాలి. నోటితో పీల్చే గొట్టాన్ని వాడరాదు. ఇంట్లో వంట, నిద్ర చేసే గదిలో ఈ పెంపకం చేపట్టరాదు. ఈ జాగ్రత్త చెప్పకుండా శిక్షణ ముగించడం సరికాదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

మిరపలో నల్ల తామరపురుగుల కోసం తరచుగా మందులు చల్లే పొలాల పక్కన ట్రైకోకార్డులు కడితే పరాన్నజీవులు బతకవు. తామరపురుగులపై అవి పనిచేయవు కూడా. కార్డు ఇచ్చే ముందు పక్క పొలంలో పిచికారి ఎప్పుడో విచారించాలి. యూనిట్ సందర్శించినపుడు కార్డుల సంఖ్యకంటె ముందుగా నమోదు పుస్తకాన్ని, ఆ తరువాత మూలపెట్టెను చూడాలి. మూలపెట్టె ఆరోగ్యంగా ఉన్నచోట ఒక బ్యాచ్ నష్టపోయినా నలభై రోజులలో తిరిగి కోలుకోవచ్చు. అది పోయినచోట మళ్లీ మొదటికి రావలసిందే.